రెండు మానిటర్లను ఒకే బల్లగా అమర్చుకున్న నా అనుభవం

నేను చేసే పని అనువాదం, ప్రూఫులు దిద్దడం. ఈ పనిలో కళ్ళ ముందు ఎప్పుడూ కనీసం రెండు పాఠాలు ఉండాలి: ఒకటి మూలం, రెండోది నేను రాస్తున్నది. వీటికి తోడు నిఘంటువు ఒకటి, అప్పుడప్పుడు వెనకటి అధ్యాయం ఒకటి తెరవవలసి వస్తుంది. చాలా ఏళ్ళు ఇదంతా 24 అంగుళాల మానిటర్ ఒక్కదాని మీదే నెట్టుకొచ్చాను. తెరను నిలువునా సగానికి పంచి, ఒక పక్క మూలాన్ని, మరో పక్క నా రాతప్రతిని పెట్టుకుంటే ఒక్కొక్కదానికి 960 పిక్సెళ్ళ (తెర మీది చుక్కల) వెడల్పు మాత్రమే దక్కేది. పేజీ మొత్తం కనిపించేలా తగ్గిస్తే అక్షరాలు కళ్ళకు ఆనేవి కావు. ఆనేంతగా పెంచితే పేజీ అంచులు తెగిపోయేవి. చివరికి పంచుకోవడం మానేసి, ఆల్ట్, ట్యాబ్ మీటలతో ఒక విండో నుంచి మరొక విండోకు మారుతూ పని చేయడం అలవాటు చేసుకున్నాను. ఆ మారే క్షణంలో చదివిన వాక్యం సగం మరిచిపోయి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకోవడం కూడా అలవాటైపోయింది. రెండో మానిటర్ అమర్చుకోవాలన్న ఆలోచన వచ్చింది ఆ మతిమరుపు మీద విసుగుతోనే.

కొత్తది కొనే ముందు, ఇంట్లో ఉన్నదానితో కొన్నాళ్ళు ప్రయత్నించి చూడాలని నిర్ణయించుకోవడం నేను చేసిన మంచి పని. మునుపటి కంప్యూటర్‌తో వచ్చిన 19 అంగుళాల మానిటర్ ఒకటి అటక మీద ఉంది. ఇప్పటి తెరల్లా వెడల్పుగా కాకుండా దాదాపు చతురస్రంగా ఉండే రకం. దాని పిక్సెళ్ళు 1280×1024. వెనక రెండే సాకెట్లు, ఒకటి వీజీఏ, మరొకటి డీవీఐ. దుమ్ము తుడిచి బల్ల మీద పెట్టి, నీలిరంగు వీజీఏ కేబుల్‌ను కంప్యూటర్ వెనక కనిపించిన వీజీఏ సాకెట్‌లో గుచ్చి, రెండు పక్కలా మరలు బిగించి స్విచ్ వేశాను. తెర ఒక్కసారి వెలిగి, సిగ్నల్ లేదని చెప్పి, మళ్ళీ నల్లబడిపోయింది.

కేబుల్ మార్చి చూశాను. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ వీజీఏకు మార్చి చూశాను. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో కొత్త తెర కోసం వెతికే మీట నొక్కాను. ఫలితం లేదు. మానిటరే చెడిపోయిందనుకుని తిరిగి అటక ఎక్కించబోతూ, ఎందుకైనా మంచిదని కంప్యూటర్ డబ్బాను వెనక్కి తిప్పి, టార్చి వేసి చూశాను. అప్పుడు అర్థమైంది: మానిటర్ తగిలించే సాకెట్లు ఒక చోట కాదు, రెండు చోట్ల ఉన్నాయి. పై భాగంలో, కీబోర్డు, మౌస్ తగిలించే యూఎస్‌బీ సాకెట్ల పక్కన నిలువు వరసలో ఒక వీజీఏ, ఒక హెచ్‌డీఎంఐ ఉన్నాయి, అవి మదర్‌బోర్డువి, అంటే కంప్యూటర్ భాగాలన్నిటినీ కలిపే ప్రధాన పలకవి. వాటికి కాస్త కింద, అడ్డంగా ఉన్న వేరే పట్టీలో ఒక హెచ్‌డీఎంఐ, మూడు డిస్‌ప్లేపోర్టులు ఉన్నాయి. అవి తెర మీది బొమ్మను తయారుచేయడానికి విడిగా అమర్చిన గ్రాఫిక్స్ కార్డువి. నా 24 అంగుళాల మానిటర్ ఏళ్ళ తరబడి కింది పట్టీలోని హెచ్‌డీఎంఐకే తగిలించి ఉంది. పాతదాన్ని నేను గుచ్చింది పై వరసలో.

విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లలో చాలావరకు, మదర్‌బోర్డు మీది వీడియో సాకెట్లు వాటంతట అవే నిద్రలోకి వెళతాయి. ఆ సాకెట్లకు బొమ్మను అందించేది ప్రాసెసర్‌లో అంతర్భాగంగా ఉండే చిన్న గ్రాఫిక్స్ భాగం. పెద్ద కార్డు ఉన్నప్పుడు దానితో పని లేదని బయోస్, అంటే విండోస్ కన్నా ముందు మేలుకునే మదర్‌బోర్డు ప్రోగ్రామ్, దాన్ని కట్టేస్తుంది. కొన్ని ప్రాసెసర్లలో ఆ భాగమే ఉండదు. ఇంటెల్ ప్రాసెసర్లలో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్నవి ఈ రకం. అలాంటి కంప్యూటర్లలో పై వరస సాకెట్లు ఎప్పటికీ అలంకారాలే. నా ప్రాసెసర్‌లో ఆ భాగం ఉంది కాబట్టి, కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి వెళ్ళి వెతికాను. గ్రాఫిక్స్‌కు సంబంధించిన పేజీలో, అంతర్గత గ్రాఫిక్స్‌ను కార్డుతో పాటు పని చేయనివ్వాలా అని అడిగే అంశం ఒకటి ఉంది. దీని పేరు ఒక్కో మదర్‌బోర్డులో ఒక్కో విధంగా ఉంటుంది. నా దానిలో మల్టీ మానిటర్ అన్న మాట ఉండడం వల్ల గుర్తుపట్టగలిగాను. దాన్ని ఎనేబుల్ చేసి, భద్రపరిచి బయటికి వచ్చాను. విండోస్ తెరుచుకున్న కొద్దిసేపటికి, డ్రైవర్ తనంతట తాను అమరిపోయి, అటక మీది మానిటర్ వెలిగింది.

బొమ్మ వచ్చింది కానీ రెండు తెరల మీదా అదే బొమ్మ వచ్చింది. విండోస్ మీట, పి మీట కలిపి నొక్కితే నాలుగు ఎంపికలు కనిపిస్తాయి: మొదటి తెర మాత్రమే, రెండింటిలోనూ ఒకటే, రెండింటికీ కలిపి పరచడం, రెండోది మాత్రమే. మనకు కావలసింది మూడోది, అంటే ఎక్స్‌టెండ్. దాన్ని ఎంచుకోగానే మౌస్ బాణం ఒక తెర అంచు దాటి రెండో తెరలోకి జారింది. ఈ సౌకర్యం విండోస్ 98 నాటి నుంచీ ఉన్నదే. నేను ఇన్నేళ్ళూ వాడుకోకపోవడానికి నా బద్ధకం తప్ప వేరే కారణం లేదు.

అయితే పాత తెర మీద అక్షరాలు మసకగా, కొన్ని చోట్ల నీడ పడినట్టుగా ఉన్నాయి. వీజీఏ 1987 నాటి పద్ధతి. దానిలో బొమ్మ అంకెలుగా కాక, ఎగుడుదిగుడు విద్యుత్ తరంగంగా ప్రవహిస్తుంది. ఒక పిక్సెల్ ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో ఆ తరంగంలో రాసి ఉండదు, మానిటర్ ఊహించుకోవాలి. ఊహ కాస్త తప్పితే ఒక్కో చుక్క రెండు చుక్కల మీద పరుచుకుని అక్షరం అలుక్కుపోతుంది. నేను ఏ తెరనైనా పరీక్షించడానికి వాడే ఉపాయం ఒకటుంది: ద, ధ, థ అనే మూడు అక్షరాలను చిన్న పరిమాణంలో పక్కపక్కన టైప్ చేసి, థ కడుపులోని చుక్క కనిపిస్తున్నదో లేదో చూస్తాను. ప్రూఫులు దిద్దేవాడికి ఆ చుక్క కనిపించని తెర ఎందుకూ కొరగాదు. ఇక్కడ కనిపించలేదు. ముందు సెట్టింగ్స్‌లో ఆ తెర పిక్సెళ్ళను సరిగ్గా 1280×1024కు మార్చి, తెర నిండా అక్షరాలున్న తెల్లటి పేజీని తెరిచి, మానిటర్ మీదున్న ఆటో మీటను నొక్కాను. తెర రెండు మూడు సెకన్లు అటూ ఇటూ కదిలి నిలకడపడింది. చుక్క కనిపించింది. ఖాళీ తెర మీద ఆ మీట నొక్కితే మానిటర్‌కు అంచులు దొరక్క తప్పుగా సర్దుకుంటుంది, అందుకే నిండు పేజీ తెరవడం అవసరం.

అలా నాలుగు వారాలు పని చేశాను. ఎడమ పక్క పాత తెర మీద మూలం, ఎదురుగా నా రాతప్రతి. ఆల్ట్, ట్యాబ్ మీటల మీద నా వేళ్ళు మూడో రోజు నుంచే వెళ్ళడం మానేశాయి. ఈ పరీక్షాకాలంలోనే నాకు నిజంగా కావలసింది ఏమిటో తేలింది: రెండు సమానమైన తెరలు కాదు, రాసుకోవడానికి ఒక పెద్ద తెర, చూసుకోవడానికి ఒక మామూలు తెర. ముందే రెండు కొత్త మానిటర్లు కొని ఉంటే ఈ సంగతి డబ్బు పోయాక తెలిసేది. అప్పుడు 27 అంగుళాల, 2560×1440 పిక్సెళ్ళ మానిటర్ ఒకటి కొన్నాను. 24 అంగుళాలది పక్క తెర హోదాకు దిగింది, 19 అంగుళాలది తిరిగి అటక ఎక్కింది.

కొత్త మానిటర్ పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ మాత్రమే ఉంది. కార్డులో ఉన్న ఒకే ఒక్క హెచ్‌డీఎంఐ సాకెట్‌ను 24 అంగుళాల మానిటర్ ఆక్రమించింది. హెచ్‌డీఎంఐ కాక దానికి ఉన్నది వీజీఏ ఒక్కటే, కార్డులో వీజీఏ లేదు కాబట్టి దాన్ని కార్డులో మరో సాకెట్‌కు మార్చడానికి వీల్లేదు. మిగిలినవి మూడు డిస్‌ప్లేపోర్టులు. కొత్త మానిటర్‌కు హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్టు రెండూ ఉన్నాయి. ఇంత స్పష్టంగా ఉన్నా, నేను తెప్పించినది ఒక కొస డిస్‌ప్లేపోర్టు, మరో కొస హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్. రెండు రకాలూ ఒకే కేబుల్‌లో ఉంటే ముందు ముందు ఎటు కావాలంటే అటు వాడుకోవచ్చునన్నది నా అతి తెలివి.

అలాంటి కేబుల్ నీటి గొట్టం లాంటిది కాదు. అది ఒకే దిక్కున పని చేస్తుంది. డిస్‌ప్లేపోర్టు కొస కంప్యూటర్ వైపు, హెచ్‌డీఎంఐ కొస తెర వైపు ఉండాలి. కార్డులోని డిస్‌ప్లేపోర్టుకు, తగిలించినది ఇలాంటి కేబుల్ అని గ్రహించి హెచ్‌డీఎంఐ భాషలో మాట్లాడే శక్తి ఉంటుంది. హెచ్‌డీఎంఐ సాకెట్‌కు డిస్‌ప్లేపోర్టు భాష రాదు. నేను మొదట తిరగేసి తగిలించి, రెండో మారు నల్లటి తెరను చూస్తూ కూర్చున్నాను. కొసలు మార్చాక బొమ్మ వచ్చింది. కానీ బొమ్మ ఎందుకో ఉబ్బినట్టు, అంచులు మెత్తబడినట్టు ఉంది. సెట్టింగ్స్‌లో చూస్తే 1920×1080 కన్నా పై ఎంపికే లేదు.

దీని వెనక లెక్క తెలుసుకోవడానికి ఒక సాయంకాలం పట్టింది. 1920×1080 బొమ్మను సెకనుకు 60 సార్లు పంపాలంటే, వరసల మధ్య విరామాలను కూడా కలుపుకుని, సెకనుకు 14.85 కోట్ల పిక్సెళ్ళు కేబుల్ గుండా వెళ్ళాలి. 2560×1440 బొమ్మకు, విరామాలను బాగా కుదించినా, 24.15 కోట్లు కావాలి. ఇలా డిస్‌ప్లేపోర్టును హెచ్‌డీఎంఐగా మార్చే కేబుళ్ళలో మొదటి తరానివి సెకనుకు 16.5 కోట్ల దగ్గర ఆగిపోతాయి. రెండో తరానివి 30 కోట్ల వరకు మోస్తాయి. నా చేతిలో ఉన్నది మొదటి రకం. మానిటర్ తన సామర్థ్యం ఏమిటో కంప్యూటర్‌కు చెప్పుకుంటూనే ఉంది, కార్డుకు పంపే శక్తీ ఉంది. మధ్యలోని దారి ఇరుకైనప్పుడు ఆ దారిలో పట్టేవాటినే విండోస్ జాబితాలో చూపుతుంది. అందువల్ల, తెరకు ఉండవలసిన పిక్సెళ్ళ సంఖ్య జాబితాలో కనిపించకపోతే మానిటర్‌ను గానీ డ్రైవర్‌ను గానీ నిందించే ముందు కేబుల్‌ను అనుమానించడం మంచిది. రెండు కొసలా డిస్‌ప్లేపోర్టే ఉన్న మామూలు కేబుల్ తెప్పించి తగిలించాను. 2560×1440 వెంటనే జాబితాలోకి వచ్చింది. ఆ కొసలకు చిన్న కొక్కెం ఉంటుంది. తీసేటప్పుడు పైన ఉన్న మీటను నొక్కి లాగాలి, లేకపోతే సాకెట్ ఊడి చేతికి రావచ్చు. అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లే పేజీలో రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందన్న లెక్క, 60 హెర్ట్జ్ దగ్గరే ఉండిపోయింది. మానిటర్ 75 వరకు ఇవ్వగలదు కాబట్టి దాన్నీ మార్చాను. ఆ తేడా నా పనిలో పెద్దగా తెలియలేదు.

ఇంతవరకు తీగల సంగతి. అసలు ఓపిక అవసరమైంది ఆ తరువాతే. రెండు తెరలు వెలగడం వేరు, అవి ఒకే బల్లలా ప్రవర్తించడం వేరు.

కంప్యూటర్‌కు తన ముందు రెండు మానిటర్లు ఉన్నాయని తెలుసు గానీ, ఏది ఎడమన ఉందో, ఏది ఎంత ఎత్తున ఉందో తెలియదు. దానికి మనమే చెప్పాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో 1, 2 అంకెలు వేసిన రెండు దీర్ఘచతురస్రాలు ఉంటాయి. ఐడెంటిఫై మీట నొక్కితే ఏ తెర ఏ అంకెదో తెరల మీదే పెద్దగా కనిపిస్తుంది. నా పక్క తెర ఎడమ వైపు ఉండగా, బొమ్మలో అది కుడి వైపున ఉంది. అందుకే మౌస్‌ను ఎడమకు తోస్తే గోడకు తగిలినట్టు ఆగిపోయి, కుడికి తోస్తే ఎడమ తెరలో ప్రత్యక్షమయ్యేది. ఆ చతురస్రాన్ని లాగి ఎడమకు చేర్చి, 27 అంగుళాలదాన్ని ఎంచుకుని దాన్ని ప్రధాన తెరగా గుర్తించమన్నాను. కొత్తగా తెరిచే విండోలు, గడియారం, నోటిఫికేషన్లు అన్నీ అప్పటి నుంచి అక్కడికి మారాయి.

ఇక్కడ నన్ను తికమకపెట్టిన విషయం ఒకటుంది. ఆ దీర్ఘచతురస్రాల పరిమాణం అంగుళాలను బట్టి కాదు, పిక్సెళ్ళను బట్టి. నా 24 అంగుళాల తెర ఎత్తు దాదాపు 29.9 సెంటీమీటర్లు, 27 అంగుళాల తెర ఎత్తు 33.6 సెంటీమీటర్లు, కళ్ళకు వాటి తేడా నాలుగు వేళ్ళంత కూడా లేదు. కానీ పిక్సెళ్ళలో ఒకటి 1080, మరొకటి 1440. అంటే బొమ్మలో చిన్నది పెద్దదాని ఎత్తులో ముప్పాతిక వంతే. పాత 19 అంగుళాల మానిటర్‌తో ఈ బాధ ఎదురుకాలేదు. దాని ఎత్తు 24 అంగుళాలదానితో దాదాపు సమానం, పిక్సెళ్ళలో కూడా 1024కు, 1080కి మధ్య తేడా స్వల్పం. అందుకే అప్పుడు బాణం నీళ్ళ మీద జారినట్టు జారేది. ఇప్పుడు, పక్క తెరలో పై అంచు వెంబడి వెళుతున్న బాణం ప్రధాన తెరలోకి అడుగు పెట్టగానే నాలుగైదు సెంటీమీటర్లు కిందికి దిగిపోతున్నది. పై అంచులు కలిపి చూశాను, అప్పుడు కింది భాగంలో ఆ తేడా వచ్చింది. మధ్యకు జరిపి చూశాను, రెండు చోట్లా కొంచెం కొంచెం వచ్చింది. పిక్సెళ్ళ సాంద్రత వేరువేరుగా ఉన్నంతకాలం ఏదో ఒక చోట ఈ అతుకు తప్పదు. నా బాణం రెండు తెరల మధ్య ఎక్కువగా తిరిగేది కింది సగంలో, టాస్క్‌బార్‌కు దగ్గరగా కాబట్టి, బొమ్మలో రెండు కింది అంచులనూ కలిపి, బల్ల మీద కూడా రెండు తెరల కింది అంచులు ఒకే గీత మీద ఉండేలా ఎత్తు సరిచేశాను. బొమ్మలో చేసిన అమరికకు బల్ల మీది అమరిక సరిపోలకపోతే ఏ సెట్టింగూ ఉపయోగపడదని అప్పుడే గ్రహించాను.

సాంద్రత తేడా అక్షరాల మీద కూడా పడింది. 24 అంగుళాల తెరలో అంగుళానికి దాదాపు 92 పిక్సెళ్ళు, 27 అంగుళాల తెరలో దాదాపు 109. ఒకే విండోను ఒకదాని నుంచి మరొకదానిలోకి లాగితే పెద్ద తెర మీద అక్షరాలు చిన్నవయ్యేవి. విండోస్‌లో ఒక్కో తెరకు విడిగా స్కేల్, అంటే అక్షరాలను ఎంత పెంచి చూపాలన్న శాతం, పెట్టుకోవచ్చు. పక్క తెరను 100 శాతం దగ్గరే ఉంచి, ప్రధాన తెరను 125 శాతానికి పెంచాను. అప్పుడు పెద్ద తెర అక్షరాలు పక్కదానికన్నా ఒక వీసమెత్తు పెద్దవిగా ఉన్నాయి. రాసుకునే తెర మీద అది నాకు నచ్చింది. తెలుగు అక్షరాలకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే పరిమాణం మనకు సరిపోదు. స్కేల్ పెట్టుకునేటప్పుడు ఇంగ్లీషు మెనూలను చూసి కాక తెలుగు పేరా ఒకటి తెరిచి నిర్ణయించుకోవాలి. ఒక పాత నిఘంటువు ప్రోగ్రామ్ మాత్రం ఒక తెర నుంచి మరో తెరకు లాగినప్పుడు మసకబారిపోయేది. రెండు తెరలకు రెండు స్కేళ్ళు ఉండవచ్చునన్న ఊహ లేని రోజుల్లో రాసిన ప్రోగ్రామ్ అది. దాని ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ పేజీకి వెళ్ళి, స్కేలింగ్ పనిని ప్రోగ్రామ్‌కే వదిలేయమని చెబితే అక్షరాలు స్పష్టమయ్యాయి, కాకపోతే కాస్త చిన్నవయ్యాయి.

అదే నిఘంటువు మరొక రోజు అసలు కనిపించకుండా పోయింది. టాస్క్‌బార్‌లో తెరిచినట్టు ఉంది, తెరల మీద ఎక్కడా లేదు. అది చివరిసారి అటక ఎక్కిన 19 అంగుళాల తెర మీద ఉండగా మూసినది. ఆ చోటును గుర్తు పెట్టుకుని, ఇప్పుడు లేని తెర మీద తెరుచుకుంటున్నది. దాన్ని టాస్క్‌బార్‌లో ఎంచుకుని, ఆల్ట్, స్పేస్ మీటలు కలిపి నొక్కి, ఆపైన ఎం మీట నొక్కి, ఒకసారి బాణం మీట తట్టి మౌస్‌ను కదిపితే విండో చేతికి చిక్కి బయటికి వచ్చింది. విండోస్ మీట, షిఫ్ట్ మీట పట్టుకుని ఎడమ లేదా కుడి బాణం నొక్కితే ఏ విండో అయినా పక్క తెరకు గెంతుతుంది. ఈ రెండోది నేను రోజూ పదుల సార్లు వాడుతున్నాను.

ఇక రంగులు. ఒక మానిటర్ మీద తెలుపు నీలి ఛాయలో, మరొకదాని మీద పసుపు ఛాయలో ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఏ తెర తెలుపైనా కళ్ళకు తెలుపే. పక్కపక్కన పెట్టినప్పుడే వాటి గుట్టు బయటపడుతుంది. రెండు తెరల మీదా ఖాళీ తెల్ల పేజీ తెరిచి, రెండింటి మెనూల్లోనూ తెలుపు ఛాయను నిర్ణయించే కలర్ టెంపరేచర్‌ను 6500 కెల్విన్‌కు పెట్టి, వెలుతురు ఎక్కువగా ఉన్నదాన్ని తగ్గించాను, తక్కువదాన్ని పెంచలేదు. నూటికి నూరు పాళ్ళు కలవలేదు గానీ పనికి అడ్డు రానంతగా కలిశాయి. 24 అంగుళాలదానిలో నలుపు కూడా బూడిద రంగులో ఉంది. హెచ్‌డీఎంఐ పుట్టింది టీవీల కోసం. టీవీ బొమ్మల్లో నలుపును 16తో, తెలుపును 235తో సూచిస్తారు, కంప్యూటర్ తెరల్లో 0 నుంచి 255 వరకు వాడతారు. గ్రాఫిక్స్ కార్డు నా మానిటర్‌ను టీవీ అనుకుని కుదించిన శ్రేణిని పంపుతున్నది. కార్డు సెట్టింగ్స్‌లో పూర్తి శ్రేణి అని ఎంచుకోగానే అక్షరాలు నల్లబడ్డాయి. ఇన్నేళ్ళూ బూడిద అక్షరాలనే చదువుతున్నానని పక్కన మరో తెర వచ్చి నిలబడే వరకు నాకు తెలియలేదు.

తెరలను పెట్టుకునే తీరులో చేసిన పొరపాటు మాత్రం మెడకు తగిలింది. మొదట రెండింటినీ సరిసమానంగా అటొకటి ఇటొకటి పెట్టి, నేను మధ్యలో కూర్చున్నాను. చూడడానికి ముచ్చటగా ఉంది గానీ, నా ముక్కుకు ఎదురుగా ఉన్నది రెండు మానిటర్ల చట్రాలు కలిసే నల్లటి పట్టీ. ఏ తెర చూడాలన్నా మెడ పక్కకు తిప్పవలసిందే. వారం తిరిగేసరికి కుడి భుజం పైభాగం పట్టేసింది. ఆ తరువాత ప్రధాన తెరను నాకు సూటిగా, చేయి చాచినంత దూరంలో, పై అంచు కంటి మట్టానికి కాస్త కిందుగా ఉండేలా పెట్టి, పక్క తెరను ఎడమన దానికి ఆనించి, తెరిచిన పుస్తకంలా లోపలికి వంచాను. ఎక్కువ సేపు మూలమే చదవవలసి వచ్చిన రోజున, తల తిప్పి చదవకుండా కుర్చీనే తిప్పుకుంటాను.

పక్క తెర పీఠానికి ఎత్తు మార్చే వీలు లేదు. కొన్నాళ్ళు దాని కింద రెండు పాత సంపుటాలు పెట్టి నడిపాను. ఆ సంపుటాలు కావలసి వచ్చినప్పుడల్లా మానిటర్‌ను ఎత్తవలసి రావడంతో, బల్ల అంచుకు బిగించే చేయి లాంటి స్టాండు తెప్పించాను. మానిటర్ వెనక నాలుగు మర రంధ్రాలు 100 మిల్లీమీటర్ల చతురస్రంగా ఉంటే, లేదా చిన్న తెరల్లో 75 మిల్లీమీటర్లుగా ఉంటే, ఇలాంటి స్టాండ్లు సరిపోతాయి. కొనే ముందు మానిటర్ బరువు, బల్ల చెక్క మందం చూసుకోవాలి. మరలు అవసరానికి మించి పొడవుంటే లోపలి భాగాలకు తగలవచ్చు కాబట్టి చేతికి గట్టిపడగానే ఆపాలి.

ఆ స్టాండు తెరను నిలువుగా కూడా తిప్పనిస్తుంది. పేజీలు నిలువుగా ఉంటాయి కాబట్టి తెర కూడా నిలువుగా ఉంటే చదువు సుఖమని ఆశపడి, 90 డిగ్రీలు తిప్పి, సెట్టింగ్స్‌లో పోర్ట్రెయిట్ ఎంచుకున్నాను. నా పక్క తెర టీఎన్ రకం. ఈ రకంలో పై నుంచి, కింది నుంచి చూస్తే రంగులు మారిపోతాయి. తెరను తిప్పితే ఆ పైకిందులు కాస్తా కుడి ఎడమలవుతాయి. ఫలితంగా ఒక కంటికి పేజీ తెల్లగా, మరో కంటికి కాస్త మబ్బుగా కనిపించి తలనొప్పి వచ్చింది. పైగా అక్షరాల అంచులను నునుపు చేసే క్లియర్‌టైప్ పద్ధతి, ప్రతి పిక్సెల్‌లోనూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం గీతలు పక్కపక్కన ఉన్నాయన్న నమ్మకం మీద నడుస్తుంది. తెర తిరిగితే అవి ఒకదాని మీద ఒకటి అవుతాయి. థ చుక్క చుట్టూ సన్నని రంగు అంచు కనిపించింది. పక్క నుంచి చూసినా రంగులు అంతగా మారని ఐపీఎస్ రకం మంచి తెర ఉన్నవారికి మొదటి ఇబ్బంది ఉండదు. నేను మాత్రం రెండు రోజుల్లో తిరిగి అడ్డంగా తిప్పేశాను. తిప్పాక స్కేలు పెట్టి కొలిస్తే ఒక చిత్రం తెలిసింది: ఏ4 కాగితం ఎత్తు 29.7 సెంటీమీటర్లు, నా తెర ఎత్తు 29.9. అంటే తెర నిండా తెరిస్తే మూలం పేజీ దాదాపు అసలు కొలతలోనే అమరుతుంది, పక్కన మరో పేజీకి కూడా చోటు మిగులుతుంది. నిలువు తెర నాకు అవసరమే కాదు.

కొద్ది రోజులు పక్క తెర మీద మెయిల్ తెరిచి ఉంచే పొరపాటు కూడా చేశాను. కంటి కొనకు ఏదో కదిలినట్టయితే చాలు, వాక్యం మధ్యలో తల అటు తిరిగేది. ఇప్పుడు అక్కడ మూలం, నిఘంటువు తప్ప మూడోదానికి చోటివ్వడం లేదు.

చివరగా సరిచేసింది, భోజనానికి లేచి వెళ్ళి వచ్చేసరికి విండోలన్నీ ఒకే తెర మీదికి చేరిపోయే ఇబ్బంది. డిస్‌ప్లేపోర్టు ద్వారా తగిలించిన కొన్ని మానిటర్లను మీట నొక్కి ఆపితే, కేబుల్ పీకేసినట్టే కంప్యూటర్ భావిస్తుంది. ఆ తెర మీది విండోలను ఉన్న తెరకు తరలిస్తుంది. విండోస్ 11లో, మల్టిపుల్ డిస్‌ప్లేస్ అన్న చోట, మానిటర్ తిరిగి వచ్చినప్పుడు విండోల స్థానాలను గుర్తుంచుకోమని చెప్పే గడి ఉంది. దానికి టిక్కు పెట్టాక విండోలు చాలావరకు వాటి చోటికి అవే వెళుతున్నాయి. మానిటర్‌ను మీటతో ఆపడం కూడా మానేసి, పది నిమిషాల తరువాత తనంతట తాను నిద్రపోయేలా పెట్టాను.

కేబుళ్ళకు రెండు కొసలా ఏ తెరదో రాసిన చీటీలు అంటించి, బల్ల వెనక్కి కట్టేశాను. కింది అంచులు కలపడం వల్ల, ప్రధాన తెర ఎడమ అంచులో పైనున్న 360 పిక్సెళ్ళ మేర మౌస్‌కు ఇప్పటికీ గోడే. ఫైల్ మెనూ ఉండేది సరిగ్గా ఆ మూలనే. చేతిని గబగబా అటు తోసినా బాణం పక్క తెరలోకి జారిపోకుండా అక్కడే ఆగుతుంది. అందుకని ఆ గోడను అలాగే ఉంచుకున్నాను.